పంది తర్వాత మనిషి

"ఆ చేతులు నీవి కావు" అన్న మాట పెద్దమ్మాయి నోటివెంట వచ్చాక, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరి ముద్ద వాళ్ళ కంచంలోనే ఆగిపోయింది.

టీవీలో మాత్రం ఏదీ ఆగలేదు. ఎర్రగా, తడిగా మెరుస్తున్న కడుపు లోపలి భాగం తెర నిండా పరుచుకుని ఉంది. రెండు సన్నటి ఉక్కు కడ్డీలు కొంగ ముక్కుల్లా అటూ ఇటూ కదులుతూ ఒక రక్తనాళం చుట్టూ దారం తిప్పి ముడి బిగిస్తున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుని చూడవలసిన దృశ్యం కాదది. అయినా అల్లుడు తన ఫోన్‌ని టీవీకి తగిలించి చూపిస్తానన్నాడు. మామగారు చూస్తానన్నారు. ఎల్లుండి ఆయన కడుపులో జరగబోయేది అదే మరి. పాంక్రియాస్ చివర చిన్న గడ్డ లేచింది. పొట్ట అడ్డంగా కోయకుండా, నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి దాన్ని తీసేస్తారు. తీసేది స్వయానా అల్లుడే.

తెర మీది కడుపు మనిషిది కాదు, పందిది. దాని మీద తను ఎంత బాగా నేర్చుకున్నాడో చూపించడానికే అతను ఆ వీడియో తెచ్చాడు.

"వదినగారు ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు" అన్నాడు అల్లుడు. నవ్వుతూనే అన్నాడు. కూరలో తడిసిన వేళ్ళని ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని శుభ్రం చేసుకున్నాడు.

పెద్దమ్మాయి ఆ వేళ్ళ మీంచి చూపు తిప్పుకుంది.

"అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? కెమెరా లోపల ఉంది. చేతులు బయట ఉన్నాయి. తెర మీద కనిపించేవి కడ్డీలే. వాటి వెనక ఉన్నది నేనేనని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఈ ముడి వేసింది నీకు ఆపరేషన్లు నేర్పే మాస్టారు. నేను పంది తల దగ్గర ఉన్నాను. నువ్వు వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నావు."

చెల్లెలి పెళ్ళైన నాటి నుంచీ 'మీరు' అంటూ వచ్చిన మనిషిని ఆమె 'నువ్వు' అనడం ఇవాళే మొదలు. అది అందరికీ వినబడింది. అసలు విషయం కంటే ముందు అదే వినబడింది.

"ఏమిటే ఆ మాట?" అంది తల్లి. ఆవిడ టీవీకి వీపు తిప్పి కూర్చుంది. పంది అన్న మాట వింటేనే ఆవిడకి ముద్ద దిగదు. పెద్దకూతురు ఉద్యోగం నుంచి వచ్చి తల స్నానం చేస్తే గానీ వంటింట్లోకి రానివ్వదు.

సర్జన్లకి శిక్షణ ఇచ్చే కేంద్రంలో పెద్దమ్మాయి పశువైద్యురాలు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పని మొదలుపెట్టే ముందు పందికి మత్తు ఇస్తుంది. వాళ్ళ పని ముగిసేదాకా దానికి నొప్పి తెలియకుండా కాపలా కాస్తుంది. పని అయ్యాక దాన్ని మళ్ళీ లేవనివ్వరు. ఆ చివరి మందు ఎక్కించేదీ ఆమే. 'పందుల డాక్టరమ్మ' అని ఆమెకి పేరు పెట్టింది ఈ అల్లుడే, కొత్తగా ఇంటికి వచ్చినప్పుడు. అప్పుడు అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ముడి మాస్టారే వేశారనుకుందాం" అన్నాడు అల్లుడు, ఇంకా అదే నెమ్మదితో. "ఎందుకు వెయ్యాల్సి వచ్చిందో కూడా మీరే చెప్పండి వదినగారూ. నాళం చిరిగింది. ఎందుకు చిరిగింది? పంది కదిలింది. పంది కదలకుండా చూడటం ఎవరి పని?"

ఇప్పుడు అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి.

అతను అన్నదాంట్లో సగం నిజం. 

ఆ రోజు శిక్షణ కేంద్రంలో ఆపరేషను బల్లని ఒక పక్కకి వంచమన్నాడు అతను. లోపలి అవయవాలు పక్కకి జారితే చోటు దొరుకుతుందని అలా వంచడం మామూలే. ఆ వంపుకి పంది చెవి దగ్గర మత్తుమందు ఎక్కుతున్న గొట్టం ఊడింది. ఆమె చూసుకునేలోపు వెనక కాలు ఒకటి జలదరించింది. "ఆగండి, కడ్డీలు బయటికి తీయండి" అంది. అతను తీయలేదు. "ఆగండి" అంది మళ్ళీ. కాలు ఈసారి గట్టిగా తన్నుకుంది.

అప్పుడు నవ్వాడు అతను. "నా పని దీనికి నచ్చినట్టు లేదు" అన్నాడు.

నవ్వుతూనే లాగాడు. తెర మొత్తం ఎర్రబడిపోయింది. కాలిన కొవ్వు వాసన రంధ్రాల్లోంచి పొగతో పాటు పైకి లేచింది. మాస్టారు అతన్ని భుజంతో పక్కకి నెట్టి కడ్డీలు అందుకున్నారు. ఆమె గొట్టం మళ్ళీ గుచ్చింది. పంది అణగింది. గోడకి ఆనుకున్న మనిషి పెదాల మీద ఆ నవ్వు ఇంకా ఆరలేదు.

ఇదంతా భోజనాల బల్ల దగ్గర చెబుదామనుకుంది. కానీ నోటికొచ్చింది వేరు. "నేను ఆగమన్నాను."

"మత్తు చాలనప్పుడు ఎవరైనా ఆగమనే అంటారు" అన్నాడు అల్లుడు. "ఎల్లుండి మామయ్యగారికి మత్తిచ్చేది మనుషుల డాక్టరు. అలాంటిదేం జరగదు."

పక్కనే ఉన్న అతని భార్య, ఈ ఇంటి చిన్నకూతురు, కుర్చీ వెనక్కి నెట్టి, తినని కంచం అక్కడే వదిలేసి, లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"టీవీ ఆపండి" అన్నారు తండ్రి. చెయ్యి కడుక్కోవడానికి లేచారు. పొట్టలో గడ్డ ఉన్న మనిషిలా కాక, తప్పు చేసినవాడిలా తల వంచుకుని నడిచారు.

*

చిన్నది మంచం మీద సంచీ తెరిచి తండ్రి బట్టలు సర్దుతోంది. తలుపు దగ్గర అక్క నిలబడినా చూడలేదు.

"నాన్నకి ఈ చొక్కాలు పనికిరావు. ఆసుపత్రిలో వాళ్ళ బట్టలే ఇస్తారు" అంది పెద్దమ్మాయి, ఏదో ఒకటి అనాలని.

"వచ్చేటప్పుడు వేసుకోవద్దూ?"

 వంటింట్లో తల్లి గిన్నెలు కడుగుతున్న చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. కోపమొస్తే ఆవిడ నోరు మూసుకుంటుంది, గిన్నెలు మాట్లాడతాయి.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పు" అంది పెద్దమ్మాయి. "ఈ ఆపరేషను ఆయన మనుషులకి ఇంతకుముందు ఎప్పుడైనా చేశాడా?"

చిన్నదాని చేతిలో చొక్కా మడత చెడింది. విప్పి మళ్ళీ మడిచింది. మళ్ళీ చెడింది.

"పక్కన నిలబడి చూశారు. కెమెరా పట్టుకున్నారు."

"చేశాడా అని అడిగాను."

"ఎవరో ఒకరు మొదటివాళ్ళు కావాలి కదక్కా."

పెద్దమ్మాయి మంచం అంచున కూర్చుంది. 

"నాన్నకి తెలుసా?"

"ఆయన చెబుతానన్నారు. నేనే వద్దన్నాను. నాన్న కంగారు పడతారని." చిన్నది ఇప్పుడు గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. "బయటివాళ్ళకి మీరే మొదటివాళ్ళు అని చెబితే ఎవరు ఒప్పుకుంటారు? చెప్పకుండా చేస్తే తప్పు. ఎన్నాళ్ళని ఇంకొకరి పక్కన కెమెరా పట్టుకుని నిలబడతారు? ఆయన తర్వాత వచ్చినవాళ్ళు చేసేస్తున్నారు. ఇంట్లోవాళ్ళయితే..."

"ఇంట్లోవాళ్ళయితే పోయినా నోరెత్తరు."

"అలా అనకు."

"మరెలా అనాలి? ముందు పంది, తర్వాత నాన్న. ఆ వరసలో తర్వాత ఎవరో నువ్వే చెప్పు."

చిన్నది సంచీ మూసింది. అక్క వైపు తిరిగింది. ఏడుస్తుందనుకుంది పెద్దమ్మాయి. ఏడవలేదు.

"నీ చేతిలో పోయినన్ని ప్రాణాలు ఈయన చేతిలో పోలేదక్కా. రోజూ చేసేదే కదా నువ్వు. చెవి నిమిరి పడుకోబెడతావు, సాయంత్రానికి చంపేస్తావు. ఇంటికొచ్చి తలస్నానం చేసి నాతో పాటు తింటావు. నేనెప్పుడైనా నిన్ను చూసి మొహం చిట్లించానా?"

"నేను వాటిని నవ్వుతూ..."

"అదీ సంగతి. ఆయన నవ్వారు. నీకు మండింది. చేతకాదని కాదు నీ బాధ, నవ్వాడని. రాత్రింబవళ్ళు కష్టపడే మనిషిని ఒక పంది కోసం నువ్వు అసహ్యించుకుంటున్నావు. దాన్ని నాన్న పేరు మీద చెబుతున్నావు."

  చెల్లెలు అన్నది అబద్ధమని గట్టిగా అనగలిగితే పెద్దమ్మాయికి సగం బరువు దిగేది. అతను ఆ రోజు నవ్వకుండా, చెమటలు పట్టి, చేతులు వణికి, అదే నాళాన్ని చింపి ఉంటే తను ఇవాళ ఆ బల్ల దగ్గర నోరు విప్పేదా?

ఆ ప్రశ్న చేపముల్లులా గుచ్చుకుంది. మింగుడు పడదు, బయటికి రాదు.

*

పెద్దమ్మాయి మేడ మీదికి వెళ్ళి మాస్టారికి ఫోన్ చేసింది.

"వీడియో చూపించాడా?" అన్నారాయన అంతా విని.  "వాడికి బుర్ర ఉంది. చేతికి ఓపిక లేదు. ఎల్లుండి నేను పక్కన ఉంటానని చెప్పానమ్మా."

"పక్కన ఉండి ఏం చేస్తారు సార్? చిరిగాక అందుకుంటారా? మీరే చేయండి."

"చేస్తాను. ఆ మాట పేషెంటు అనాలి. మీ నాన్నగారు నన్ను అడిగితే కాదనను. ఆయన అల్లుడే కావాలంటే నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగలేను."

"ఆ రోజు వాడు నవ్వాడు సార్."

"విన్నాను" అన్నారాయన. ఇంకేమైనా అంటారేమోనని ఆమె చూసింది. ఆయన ఫోన్ పెట్టేశారు.

కిందికి వచ్చేసరికి తండ్రి వరండాలో పాత పేము కుర్చీలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఏ కుర్చీలో కూర్చున్నా కుడికాలు కాస్త ముందుకి చాచి ఉంటుంది, బ్రేకు మీద పెట్టినట్టు.

"నాన్నా, ఒక మాట."

"నేనే మొదటివాణ్ణి. అదేగా?"

ఆమె నిలబడిపోయింది.

"ఈ ఇంట్లో గోడలు పల్చన. మీ అక్కాచెల్లెళ్ళు గుసగుసలాడినా నాకు వినబడుతుంది. అంతకుముందే అనుకున్నాలే. పని బాగా వచ్చినవాడు వీడియోలు పట్టుకు తిరగడు."

"మరయితే మాస్టారిని అడగండి. ఆయన చేస్తానన్నారు. ఒక్క మాట చాలు."

తండ్రి గోళ్ళకత్తి మూసి జేబులో పెట్టుకున్నారు. "ఆ ఒక్క మాట నేనన్నానంటే రేపు ఆ ఆసుపత్రిలో ఏమంటారు? సొంత మామే నమ్మలేదంటారు. ఇక వాడి దగ్గరికి ఎవరొస్తారు? వాడు ఆ మంట తీసుకొచ్చి ఎవరి మీద పోస్తాడు? దాని మీదేగా." లోపలి గది వైపు గడ్డం చూపించారు. "కూతుర్నే ఇచ్చాను. కడుపు ఇవ్వలేనా?"

"అలా మాట్లాడకండి."

"నేనూ బస్సు ఖాళీగా తిప్పే నేర్చుకున్నానే. ఎన్నాళ్ళు తిప్పినా, ఒకరోజు జనాన్ని ఎక్కించుకోక తప్పదు. ఆ మొదటి రోజు ఎక్కినవాళ్ళు ఎక్కారు, దిగారు."

"వాళ్ళకి మీరు చెప్పలేదు నాన్నా."

"చెబితే ఎక్కేవాళ్ళా?" అని నవ్వారు. నవ్వితే పొట్టలో నొప్పి వచ్చింది కాబోలు, చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "నాకు తెలిసే ఎక్కుతున్నాను. ఇంక వదిలెయ్యి."

ఆయన పొట్ట మీద ఆ చెయ్యి ఎక్కడ ఉందో ఆమె చూసింది. సరిగ్గా అక్కడే మొదటి రంధ్రం పెడతారు. అది తట్టగానే నోట్లో చేదు ఊరింది. తండ్రి ఒంటి మీద కూడా ఆమె కళ్ళు రంధ్రాలకి చోటు వెతుకుతున్నాయి.

*

పందులకి సాయంత్రం మేత పెట్టడానికి ఆదివారమైనా వెళ్ళాలి. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అల్లుడు వచ్చాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"రేపు పొద్దున ఒక్కటి ఇప్పించండి వదినా."

"ఏమిటి?"

"పందిని. ఒక్కదాన్ని. ఆ నాళం దగ్గర ఇంకొక్కసారి చేసి చూసుకోవాలి." మొహంలో నవ్వు లేదు. అది లేకపోతే అతను వేరే మనిషిలా, చదువుకునే కుర్రాడిలా ఉన్నాడు. "ఆ ముడి నాకు రావడం లేదు. ఇంట్లో సాధనకి పెట్టుకున్న పెట్టెలో దారంతో వేస్తే వస్తుంది. లోపల రక్తం కనబడితే రావడం లేదు."

"ఇందాక అందరి ముందూ అది నువ్వే వేశానన్నావు."

"మామయ్యగారు చూస్తానన్నారు. ఏం చూపించను?"

"మానెయ్. నా వల్ల కాదని చెప్పెయ్. మాస్టారు చేస్తారు."

"చెప్పలేను." నేల వైపు చూశాడు. "మీకు తెలీదు వదినా. మానేస్తే ఇంకెప్పటికీ మొదలుపెట్టలేను."

కోర్సు అయిపోయినవాళ్ళకి జంతువుని ఇవ్వకూడదు. ఏ పందిని ఎందుకు వాడుతున్నారో ముందు జంతువుల వాడకాన్ని చూసే కమిటీ ఒప్పుకోవాలి. ఎవరికీ తెలియకుండా ఒకదాన్ని బల్ల మీదికి ఎక్కించడమంటే దొంగతనంగా ప్రాణం తీయడమే. అది అతనికీ తెలుసు. తాళాలు ఆమె దగ్గర ఉంటాయని, మత్తు ఇవ్వగలిగింది ఆమె ఒక్కతేనని కూడా తెలుసు.

"ఆ రోజు ఎందుకు నవ్వావు?"

 "భయమేసింది" అన్నాడు.

నిజమే కావచ్చు. ఆమెకి నిజంలాగే వినబడింది. అయినా అసహ్యం తగ్గలేదు. ఇప్పుడు అందులో జాలి కూడా కలిసింది. పాచిపోయినదాంట్లో తీపి కలిపినట్టు అది మరీ వెగటుగా ఉంది.

"మీ నాన్న కోసం వదినా" అన్నాడు అతను.

ఆమె మెట్లు దిగింది.

*

శిక్షణ కేంద్రం వెనక, పొడుగాటి రేకుల షెడ్డులో పందుల కొట్లు. ఆమె అడుగు వినగానే అన్నీ లేచి నిలబడ్డాయి. కమ్మీల సందుల్లోంచి తడి ముక్కులు బయటికి వచ్చాయి. వాటిని చూసుకునే ఆయమ్మ అప్పటికే నేల కడిగేసి, మేత బకెట్లు నింపి ఉంచింది.

"మీరొస్తేనే వీటికి ఆకలి గుర్తొస్తుందమ్మా" అంది ఆయమ్మ. "నేను పెడితే మొహం కూడా ఎత్తవు."

పెద్దమ్మాయి బకెట్టు అందుకుంది. మొదటి కొట్లో తొట్టి నింపింది. తర్వాతది నింపింది. పందులు తలలు దించి చప్పరిస్తున్నాయి. తను ఇంకా ఏమీ అనుకోలేదని, వచ్చింది మేత పెట్టడానికేనని తనకు తనే చెప్పుకుంది. నాన్న ఒప్పుకోవచ్చు. చెల్లెలే మనసు మార్చుకోవచ్చు. రేపు పొద్దుటికి ఏదైనా జరగవచ్చు.

చివరి కొట్లో కాస్త చిన్నది, చెవి మీద నల్లమచ్చ ఉన్నది, ముందుకాళ్ళు కమ్మీ మీద పెట్టి ఎదురుచూస్తోంది.

ఆమె దాన్ని దాటి నడిచింది.

దాటాక గానీ తను ఏం చేసిందో ఆమెకి తెలియలేదు. మత్తు ఇవ్వబోయే జంతువుకి ముందు రోజు సాయంత్రం మేత పెట్టరు. పెడితే మత్తులో కక్కుకుని ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ షెడ్డులో మేత అందని పంది అంటే రేపు బల్ల ఎక్కే పంది.

అది కమ్మీల వెంట ఆమెతో పాటే కొట్టు చివరిదాకా వచ్చి కీచుమని అరిచింది. బకెట్టులో సగం మేత ఇంకా ఉంది. వెనక్కి నాలుగడుగులు వేసి వంచితే సరిపోతుంది. ఆమె చెయ్యి లేవలేదు.

"దీన్ని మరిచిపోయారమ్మా" అంది ఆయమ్మ.

"మరిచిపోలేదు."

"రేపు కోర్సేం లేదు కదా. పస్తు ఎందుకు?"

"దానికి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఈ పూటకి ఖాళీ కడుపుతో ఉండనీ." ఆ అబద్ధం తడబడకుండా, చాలాకాలంగా నోట్లో నాని ఉన్నదానిలా బయటికి వచ్చింది. ఎంత సులువు ఇది అనుకుంది. తన నోరు తనకే మురికిగా అనిపించింది.

ఆయమ్మ కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి పంది చెవి వెనక తాకి చూసింది. "ఒళ్ళు చల్లగానే ఉందే" అంది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, నడుము దగ్గర దోపుకున్న ఫోన్ తీసింది.

"ఎవరికి?"

"మాస్టారికమ్మా. ఏది నలతగా ఉన్నా వెంటనే నాకు చెప్పు, ఏ వేళయినా చెప్పు అన్నారుగా."

"వద్దు. నేను చెబుతాను."

"మీకెందుకమ్మా శ్రమ" అంది ఆయమ్మ.

అప్పటికే ఫోన్ ఆయమ్మ చెవి దగ్గర ఉంది. అవతల మాస్టారి గొంతు ఏమిటని అడుగుతోంది. ఆయమ్మ "ఇదిగో, డాక్టరమ్మ ఇక్కడే ఉన్నారు సార్, ఆవిడే చెబుతారు" అని ఫోన్‌ని పెద్దమ్మాయి చేతికి అందించింది.